వదలాను

ఆ పాటలకి దుప్పటి మడవలేమని మొదటి పొద్దునే తేలిపోయింది.

ఆసుపత్రి వెనకవైపు ఆవిరి గొట్టాలు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన పొడుగాటి షెడ్డు ఒకటుంది. అది లాండ్రీ. వార్డుల్లో రోగులు పొర్లిన ప్రతి దుప్పటీ, ఆపరేషన్ గదిలో డాక్టర్లు తొడిగి విప్పిన ప్రతి ఆకుపచ్చ గౌనూ అక్కడికే వస్తుంది. ఉతుకు డ్రమ్ముల్లో దొర్లి, నీళ్ళు పిండే యంత్రంలో గిర్రున తిరిగి, వేడి రోలరు కింద నలిగి, ఆఖరికి మడత బల్ల దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆడవాళ్ళు జంటలు జంటలుగా నిలబడి ఉంటారు.

దుప్పటి మడవడం ఏం పని అని తేలిగ్గా అనేవాళ్ళు రోజంతా మడిచి చూడాలి. చెరో రెండు మూలలూ పట్టుకోవాలి. దులపాలి. గుంజాలి. చేతులు కలిపి సగానికి మడవాలి. మళ్ళీ గుంజాలి. అప్పుడు ఒకామె నడిచి వచ్చి, తన చేతిలోని కొసల్ని ఎదుటామె వేళ్ళకి అందించాలి. అందుకున్నామె "వదులు" అంటుంది. అనగానే వచ్చినామె వదిలేసి, వంగి, కింద వేలాడుతున్న మడత పట్టుకోవాలి. అనకముందే వదిలితే దుప్పటి నేలపాలై మళ్ళీ ఉతుక్కి పోతుంది. అన్నాక కూడా వదలకపోతే ఇద్దరూ మొహాలు చూసుకుంటూ నిలబడాల్సిందే.

"వదులు" అనే గొంతుల్లో అన్నిటికన్నా పెద్దది మైకుది. ఆమెకి ఇంట్లో పెట్టిన పేరు ఇంకేదో ఉంది, లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. డ్రమ్ములు తిరుగుతున్నా, ఆవిరి బుసకొడుతున్నా ఆమె మాట షెడ్డు ఆ కొసకి వినపడుతుంది. జీతాల గొడవైనా, తాగే నీళ్ళ గొడవైనా ముందు లేచేది ఆ గొంతే. ఆమెకి ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకునేది ఆమె అన్నయ్య భార్య. మైకుని పనిలో పెట్టించింది ఆవిడే. మైకు ఒక్కదానికే వదిన అయినా, మైకు పిలిచే పిలుపే అందరికీ అలవాటై, బాయిలర్ మనిషి దగ్గర్నుంచి నర్సుల దాకా అందరికీ ఆవిడ వదినే అయిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి. మైకు అంటుంది, వదిన వదులుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క దుప్పటి నేల పడలేదు.

మడతకి తాళం వేసేది గరగర పాట. రాక్ పాటలు పాడే ఆ పెద్దమనిషికి ఆ పేరు పెట్టింది కూడా లాండ్రీయే. గొంతులో గులకరాళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు పాడతాడు మరి. టేపు రికార్డరు రోజుల నుంచీ బల్ల మీద అతని పాటలే. ముఖ్యంగా తలుపు తన్నే పాట. అందులో డ్రమ్ము మొదటి దెబ్బకి దులుపు, రెండో దెబ్బకి గుంజు, మూడో దెబ్బకి మడత, అతను "తెరూ" అని అరిచేసరికి "వదులు". ఒకప్పుడు జీతాల కోసం ఆసుపత్రి గేటు ముందు బైఠాయించిన రోజున కూడా ఆ పాటే పాడారు. ఆ పాట వల్లే గెలిచామని మైకు ఈనాటికీ వాదిస్తుంది. గెలిచింది మనుషుల వల్ల. కానీ మనుషుల్ని లేపింది పాట, అది నిజమే.

అలాంటి గరగర ఏళ్ళ తరబడి మూగనోము పట్టి, చివరికి కొత్త ఆల్బం విడుదల చేశాడు. మురికి గుడ్డలు తెచ్చే వ్యాను డ్రైవరు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి తన ఫోను స్పీకరు డబ్బాకి తగిలించాడు. తల సగం నెరిసినా గరగర బొమ్మ ఉన్న చొక్కా వదలని ఆ మనిషిని అందరూ భక్తుడంటారు.

"అందరూ నోళ్ళు మూసుకోండి. వస్తోంది," అన్నాడు భక్తుడు.

వచ్చింది. ఒక గిటారు. అది కూడా ఎవరో పక్కగదిలో కూర్చుని మీటినట్టు. తర్వాత గొంతు. పాడటం కాదు, చెవి దగ్గర కూర్చుని ఏదో చెప్పుకుంటున్నట్టు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. మడత బల్ల దగ్గర జంటలన్నీ చేతులు పైకెత్తి డ్రమ్ము దెబ్బ కోసం చూస్తున్నాయి. దెబ్బ పడదు. చూసి చూసి ఎవరికి తోచినప్పుడు వాళ్ళు దులిపారు. ఒక జంట గుంజుతుంటే ఇంకో జంట మడుస్తోంది. రెండు దుప్పట్లు కింద పడ్డాయి.

"ఇది పాటా, గొట్టం ఎక్కడైనా లీకవుతోందా?" అన్నాడు బాయిలర్ బాబాయ్, నిజంగానే గొట్టాల వైపు చూస్తూ.

"డ్రమ్ములాయన జీతం ఎగ్గొట్టినట్టున్నాడు," అంది ఎడంచెయ్యి. ఆమె పక్క జంటలో ఉంటుంది, అన్నీ ఎడమ చేత్తోనే చేస్తుంది.

"మీకు చెవులున్నాయా, చిల్లులున్నాయా? ఎంత లోతుగా పాడాడో వినండి," అని భక్తుడు మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"లోతుగానే ఉంది బాబూ. బావిలో పడ్డవాడు పిలుస్తున్నట్టుంది," అంది రోలరు పిన్ని. రోలరు ముందు నిలబడి నిలబడి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి, నోరు మాత్రం ఏమీ అరగలేదు.

మైకు ఒక్క మాటలో తేల్చేసింది. "ఆపరా. దుప్పటి మడవడానికి పనికిరాని పాట నాకొద్దు. తలుపు పాట పెట్టు."

భక్తుడు ముఖం మాడ్చుకుని తలుపు పాట పెట్టాడు. డ్రమ్ము మోగింది. అందరి చేతులూ ఒక్కసారి దులిపాయి. అప్పుడు దుప్పటి అవతలి కొస నుంచి వదిన మెల్లిగా అంది:

"నాకు బానే ఉందే."

మైకు వినిపించుకోలేదు. "వదులు," అంది.

బయట ప్రపంచం కూడా ఆ ఆల్బం మీద రెండుగా చీలిపోయి కొట్టుకుంటోంది. భక్తుడు రోజుకో కాగితం తెచ్చి చదివేవాడు. ఒక పత్రికవాడు పరిణతి అన్నాడు. ఇంకొకడు అలసట అన్నాడు. పాత అభిమానులు మోసపోయామని తిట్టారు. ఎన్నడూ అతని పాట విననివాళ్ళు కొత్తగా కళ్ళు తుడుచుకున్నారు.

"పరిణతంటే ఏంట్రా?" అన్నాడు బాయిలర్ బాబాయ్.

"ముసలాడైపోయాడని మర్యాదగా చెప్పడం బాబాయ్."

"మరి అలసటంటే?"

"అదే మాట మర్యాద లేకుండా."

ఇదంతా నవ్వుకునే గొడవగానే మిగిలిపోయేది. కానీ అదే వారం లాండ్రీలోకి మడత యంత్రం వస్తోందన్న కబురు వచ్చింది. ఇటు దుప్పటి పెడితే అటు మడిచి పడేస్తుందట. యంత్రం వస్తోందంటే నిజానికి సంతోషించాలి. మనిషి భుజాలు అరిగే పని ఇనుము చేస్తానంటే కాదనడానికి ఎవరికి పిచ్చి? కానీ యంత్రాన్ని కొనేవాడు ఎవరి భుజాలూ చూసి కొనడు. సూపర్‌వైజరు మేడం బల్ల దగ్గరికి వచ్చి మెత్తగా చెప్పింది: "ఇష్టమున్నవాళ్ళని చిరుగులు కుట్టే గదికి మారుస్తాం. వారం చివర మీటింగులో చెయ్యెత్తండి చాలు. మిగతావాళ్ళ సంగతి యంత్రం వచ్చాక చూద్దాం."

ఆమె వెళ్ళగానే మైకు బల్ల మీద చరిచింది. "చూద్దాం అంటే అర్థమైందా? గేటు చూపిద్దాం అని. ఇష్టమున్నవాళ్ళు అంటే, ముందు కొంతమందిని విడగొడదాం అని. ఎవరినీ తీసెయ్యబోమని రాసిచ్చేదాకా ఒక్క చెయ్యి కూడా లేవకూడదు. ఒక్కటి లేచిందా, మనం అయిపోయాం. ఏమంటారు?"

అందరూ సరే అన్నారు. వదిన కూడా తలూపింది. కానీ ఆ ఊపులో ఏదో తేడా ఉంది. ఇన్నేళ్ళుగా ఎదురెదురుగా నిలబడ్డ మనిషి తల ఎలా ఊపుతుందో మైకుకి తెలియదా? అప్పటినుంచి ఆమెకి ఒకటే దిగులు పట్టుకుంది. చెయ్యెత్తితే వదినే ఎత్తుతుంది. సొంత వదినే ఎత్తాక, మిగతావాళ్ళని ఆపే మొహం తనకుండదు.

ఆ దిగులులో ఉండగా ఆల్బంలో చివరి పాట వచ్చి నెత్తిన పడింది.

మధ్యాహ్నం టీ తాగుతున్నారు. భక్తుడు పట్టు వదలకుండా ఆ పాట పెట్టాడు. పాటంతా ఎవరితోనో నడిచి వెళుతున్నట్టు ఉంటుంది. ప్రతి చరణం చివరా అతను ఆగుతాడు. పొడుగ్గా ఊపిరి తీసుకుంటాడు. తీసుకుని, "నీ చెయ్యి వద్లా...ను" అంటాడు. అంతే.

"విన్నారా?" అంది మైకు, గ్లాసు కింద పెట్టి. "పాట మెత్తనైనా మనిషి మెత్తబడలేదు. నీ చెయ్యి వదలను అంటున్నాడు. అదీ మాటంటే!"

"వదలనా? వదిలాను అంటున్నాడుగా," అంది వదిన.

మైకు ఆవిడ వైపు తిరిగింది. "ఏంటీ?"

"వదిలాను అంటున్నాడు. దీర్ఘం వినపట్లా?"

"అది రాగం! రాగం తీశాడు. వదలను. గరగర ఎప్పుడైనా వదిలాడా దేన్నైనా?"

"ఎప్పుడూ వదలనివాడికే ఒకరోజు వదలాలనిపిస్తుంది," అంది వదిన టీ గ్లాసులోకి చూస్తూ. అంత పొడుగు వాక్యం ఆవిడ నోట బల్ల దగ్గర ఎవరూ విని ఎరగరు.

షెడ్డు రెండైపోయింది. ఒకాయన వదలను అంటే ఇంకొకామె వదిలాను అంది. పాట మళ్ళీ పెట్టారు, మళ్ళీ పెట్టారు. విన్నకొద్దీ ఎవరికి వినపడ్డదే వాళ్ళకి ఇంకా గట్టిగా వినపడింది. ఒక మొగుడూ పెళ్ళాం ఇంటికెళ్ళి కూడా ఇదే వాదన పెట్టుకుని మాట్లాడుకోవడం మానేశారు. పళ్ళ సెట్టు సరిగ్గా కుదరనివాడు ఏమన్నా అలాగే వినపడుతుందని బాయిలర్ బాబాయ్ తన పళ్ళ సెట్టు తీసి పాడి చూపించాడు. ఆయన పాడినది ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. యంత్రం వద్దన్నవాళ్ళు ఎక్కువమంది వదలను అని విన్నారు. అలిసిపోయినవాళ్ళు ఎక్కువమంది వదిలాను అని విన్నారు. మైకు ఇది కనిపెట్టింది. కనిపెట్టాక ఆమెకి వదిన మాట ఇంకా గుచ్చుకుంది.

"పాట రాసినవాడు కాగితం మీద ఏదో ఒకటి రాసుంటాడు కదా," అంది ఎడంచెయ్యి. "అది చూస్తే పోలా?"

భక్తుడు ఎగిరి గంతేశాడు. ఆల్బం పెట్టెలో పాటలు అచ్చేసిన చిన్న పుస్తకం ఉంటుంది, దానికోసం దుకాణానికి ఎప్పుడో చెప్పి పెట్టాడు. మర్నాడు తెచ్చాడు. గుడ్డల ట్రాలీ మీద పరిచి, అందరూ తలలు దూర్చారు. చివరి పాట. చివరి ముక్క. భక్తుడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు:

"నీ చెయ్యి... వ... ద... లా... ను."



"వదలాను ఏంట్రా? అదేం మాట?" అంది రోలరు పిన్ని.

అచ్చుతప్పు. "వదలను" రాయబోయి లకి దీర్ఘం తగిలించారో, "వదిలాను" రాయబోయి ద మీద గుడి ఎగరగొట్టారో దేవుడికే తెలియాలి. అటూ కాదు, ఇటూ కాదు. ఏ మనిషీ ఏ ఇంట్లోనూ ఎన్నడూ అనని మాట ఒకటి, నున్నటి కాగితం మీద, మంచి సిరాతో, బొమ్మలతో సహా అచ్చయి కూర్చుంది.

"దీర్ఘం ఎక్కువైంది, అంతే. తీసెయ్. వదలను," అంది మైకు.

"గుడి రాలిపోయింది. పెట్టు. వదిలాను," అన్నాడు వదిలాను వైపు నుంచి ఎవరో.

"గుళ్ళు రాలిపోవు. దీర్ఘాలే వచ్చి అంటుకుంటాయి," అన్నాడు భక్తుడు, పెద్ద పండితుడల్లే.

"నువ్వు మొదట ఏమన్నావ్? పుస్తకం వస్తే తేలిపోతుందన్నావ్. తేలింది. మునిగింది," అన్నాడు బాయిలర్ బాబాయ్.

అందరూ పడీ పడీ నవ్వారు. మైకు నవ్వలేదు. వదిన కూడా నవ్వలేదు. ఆవిడ ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని, ఆ పుస్తకంలోని మాటని చాలాసేపు చూసింది. మైకు ఆ మాటని చూడలేదు, వదినని చూసింది.

మర్నాడు ఇద్దరికీ సెలవు. మైకు ఇంట్లో ఉండలేకపోయింది. అన్నయ్య వాళ్ళది ఆమె ఇంటి పై వాటాయే. ముఖాముఖి అడిగేద్దామని మెట్లెక్కింది. తలుపు తెరిచే ఉంది. లోపల కిటికీ దగ్గర వదిన పీట మీద కూర్చుని ఉంది. వెనక అన్నయ్య నిలబడి ఆవిడ జుట్టు దువ్వుతున్నాడు. పళ్ళ మధ్య రబ్బరు బ్యాండు పట్టుకుని, చిక్కు దగ్గర ఆగి, కుదుళ్ళు ఒక చేత్తో అదిమి, అలవాటైన పనిలా దువ్వుతున్నాడు. పక్కన ఫోనులో గరగర కొత్త పాట సన్నగా వినపడుతోంది.

మైకు గడపలో ఆగిపోయింది. "ఇదేంటన్నయ్యా? సరసమా ఈ వయసులో?"

అన్నయ్య నోట్లోంచి బ్యాండు తీశాడు. "సరసం లేదు, పాడూ లేదు. మీ వదిన చెయ్యి తలదాకా లేస్తే కదా! ఎన్నాళ్ళ నుంచో నేనే దువ్వుతున్నా. నీకు తెలీదూ?"

"మీరు ఊరుకోండి," అంది వదిన. వెనక్కి తిరగలేదు.

మైకు లోపలికి వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏం అడగాలని వచ్చిందో ఒక్క ముక్క గుర్తురాలేదు. రోజూ తన ఎదురుగా చేతులు పైకెత్తి దుప్పటి దులిపే మనిషి. దులిపేటప్పుడు ఈ మధ్య ఆవిడ కాస్త పక్కకి ఒరుగుతోంది. బద్ధకం అనుకుంది. ఒకసారి పైకి అనేసింది కూడా.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే ఏం చేసేదానివి? మైకులో అందరికీ చెప్పేదానివి." వదిన నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "పిల్లా, ఒక మాట చెప్తా, కోప్పడకు. నాకు ఆ తలుపు పాట ఎప్పుడూ ఇష్టం లేదు."

"ఏంటీ?"

"నువ్వు నిలబడి అందుకునేదానివి. నీకు డ్రమ్ము బాగుంటుంది. నేను నడిచేదాన్ని. ఆ దెబ్బ పడేలోగా నీ దగ్గరికి వచ్చెయ్యాలి, నువ్వు వదులు అనగానే వదిలి వంగాలి. ఇన్నేళ్ళూ ఆ డ్రమ్ము నన్ను తరుముతూనే ఉంది. ఇదిగో, ఇది విను." ఫోను వైపు గడ్డం చూపించింది. గరగర చరణం ముగించి, ఆగి, పొడుగ్గా ఊపిరి పీల్చాడు. "ఆ ఊపిరి పట్టినంతసేపు చూడు. ఒక మనిషి నింపాదిగా నడిచొచ్చి కొసలు అందించేంతసేపు అది. ఇది నడిచేవాళ్ళ పాట."

గరగర "వద్లా...ను" అన్నాడు. మైకుకి మాత్రం ఇప్పుడు కూడా వదలను అనే వినపడింది. ఆ మాట పైకి అనలేదు.

"కుట్టు గదికి వెళ్ళాలని ఉందా నీకు?"

వదిన ఆలోచించలేదు. "ఉంది. కూర్చుని చేసే పని. చెయ్యి ఒళ్ళో ఉంటుంది." మళ్ళీ తనే అంది, "కానీ చెయ్యెత్తనులే. మాటిచ్చాగా. అయినా ఎత్తుదామన్నా లేవదు కదే ఇది!"

అన్నయ్య నవ్వాడు. వదినా నవ్వింది. మైకు మాత్రం మెట్లు దిగి వచ్చి, తన ఇంట్లో పొయ్యి ముందు పాలు పొంగిపోయేదాకా నిలబడింది.

ఆమె పట్టిన పట్టు తప్పా? కాదు. రాసివ్వకుండా చేతులెత్తితే సగం మంది రోడ్డు మీద పడతారు, ఇది చూసిన కథే. వదిన కోరుకున్నది తప్పా? అది ఇంకా కాదు. రెండు న్యాయాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు ఏం చెయ్యాలో ఏ పాటలోనూ ఉండదు. పాటల్లో ఒక న్యాయమే ఉంటుంది, అందుకే అవి పాడుకోవడానికి బాగుంటాయి. అందరికోసం ఒక మనిషి భుజం ఊడితే ఊడనీ అనడం ఎంత తేలికో, ఆ మనిషి రోజూ ఎదురుగా నిలబడి ఉంటే అనడం అంత కష్టం. ఆసుపత్రి పైవాళ్ళు కూడా ఇలాంటి మాటే కదా అంటారు, లెక్కల భాషలో!

వారం చివర, పని ముగిసే వేళ, మీటింగు. రోలరు ఆపారు. ఆవిరి ఒక్కసారి తగ్గేసరికి షెడ్డు కొత్త చోటులా ఉంది. సూపర్‌వైజరు మేడం కుర్చీలో కాకుండా బల్ల అంచున ఆనుకుని నిలబడింది, మీలో ఒకదాన్నే అన్నట్టు.

"కుట్టు గదికి వెళ్ళడానికి ఇష్టమున్నవాళ్ళు చెయ్యెత్తండమ్మా. బలవంతం ఏమీ లేదు."

ఎవరూ ఎత్తలేదు. అందరి కళ్ళూ మైకు మీదే ఉన్నాయి. మైకు కళ్ళు వదిన మీద ఉన్నాయి. వదిన మాట మీద నిలబడి, నేల చూస్తూ, ఎడమ చేత్తో కుడి మోచేతిని అదిమి పట్టుకుని ఉంది.

మైకు చెయ్యెత్తింది.

షెడ్డంతా గగ్గోలెత్తింది. "అమ్మ మైకూ!" అంది ఎడంచెయ్యి. బాయిలర్ బాబాయ్ "అమ్ముడుపోయిందిరా" అని అననే అన్నాడు. మేడం మొహం వెలిగింది. "చూశారా? మీ లీడరే—"

"ఆగండి మేడం. ఈ చెయ్యి నాది కాదు," అంది మైకు.

"అంటే?"

"ఇది మా వదినది. ఆవిడ చెయ్యి పైకి లేవదు. మీ దుప్పట్లు దులిపి దులిపి పోయింది. అందుకని ఆవిడ బదులు నేనెత్తాను. ఆవిడ కుట్టు గదికి వెళ్తుంది. ఇష్టమై కాదు, ఒళ్ళు అరిగి. మీరు పంపడం కాదు, మేం పంపుతున్నాం. నేను మాత్రం ఇక్కడే ఉంటా. మిగతావాళ్ళలో ఎవర్నీ తీసెయ్యబోమని రాసిచ్చాకే ఆ యంత్రం గుమ్మం దాటేది."

మేడం ఏదో అనబోయింది. ఆలోగానే వెనకనుంచి గొంతు లేచింది.

"బాగానే ఉందమ్మా. నీ వదిన గనక నీ చెయ్యి లేచింది. నా మోకాళ్ళకి ఎవరెత్తుతారు?" అంది రోలరు పిన్ని.

అది నిజమైన దెబ్బే. సొంత మనిషి జుట్టు దువ్వించుకోవడం చూస్తే తప్ప తనకి కళ్ళు తెరుచుకోలేదు. పిన్ని రోజూ ఎదురుగానే కుంటుతోంది మరి.

"తప్పే పిన్నీ," అంది మైకు. "అడిగావుగా. రెండో చెయ్యి ఉంది, ఇదిగో."

రెండో చెయ్యీ ఎత్తింది. పోలీసుల ముందు దొంగ నిలబడ్డట్టు నిలబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడంచెయ్యి తన జంటామె వైపు తలూపి, "దీని నడుం సంగతి నాకు తెలుసు," అని ఎడమ చెయ్యి ఎత్తింది. బాయిలర్ బాబాయ్ కాసేపు నసిగి, దగ్గు ఆగని ఉతుకు మనిషి కోసం ఎత్తాడు. ఎవరూ తమ కోసం ఎత్తలేదు. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియక మేడం వేలు పెట్టి చూపిస్తూ, "నువ్వు ఆమె కోసమా? మరి ఆమె ఎవరి కోసం?" అని అడిగి అడిగి, చివరికి విసిగి, "పైన మాట్లాడి చెప్తాను" అని వెళ్ళిపోయింది.

వదిన ఇంతసేపూ తల ఎత్తలేదు. అందరూ కదిలాక మైకు దగ్గరికి వచ్చి అంది:

"నన్ను అడక్కుండా ఎత్తావే!"

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్నే." ఆవిడ మొహం తిప్పుకుంది. "చేతులు దించు ఇక. నీ భుజాలు కూడా పోతాయి."

పైన ఎన్ని మాటలు జరిగాయో ఏమో, మొత్తానికి ఒళ్ళు అరిగినవాళ్ళని కుట్టు గదికి మార్చారు. మిగతావాళ్ళలో ఎవర్నీ తీసెయ్యబోమని రాసివ్వడం మాత్రం ఇంకా చూద్దాం దగ్గరే ఉంది. యంత్రం పెద్ద చెక్కపెట్టెలో గుమ్మం బయటే ఉంది, మేకులు కూడా ఊడదీయలేదు. దాని మీద పిల్లి పడుకుంటోంది. వదిన కోసం మైకు మాట మార్చిందని గిట్టనివాళ్ళు అంటూనే ఉన్నారు. అననీ. మాట మారింది నిజమే. అంతకుముందున్న మాటలో మనుషుల భుజాలు లేవు, ఇప్పుడున్నాయి.

వదిన వెళ్ళిన మర్నాడు మడత బల్ల దగ్గర మైకుకి ఎదురుగా ఎడంచెయ్యి నిలబడింది. ఆమె జంటామె కూడా కుట్టు గదికే వెళ్ళింది. భక్తుడు స్పీకరు దగ్గర నిలబడి, ఏది పెట్టమంటావ్ అన్నట్టు చూశాడు.

"నీ ఇష్టం వచ్చింది పెట్టి ఏడువు," అంది మైకు.

భక్తుడు ఆశగా కొత్తది పెట్టాడు. చివరి పాట. కుట్టు గది కిటికీ తెరిచే ఉంది. లోపల వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది, రోలరు పిన్ని కాళ్ళు చాపుకుని ఏదో కథ మొదలుపెట్టింది.

మైకూ ఎడంచెయ్యీ మూలలు పట్టుకున్నారు. దులిపారు, కాస్త అటూ ఇటూగా. గుంజారు. సగానికి మడిచారు. మళ్ళీ గుంజారు. తర్వాత మైకు నిలబడింది. ఎడంచెయ్యి కూడా నిలబడింది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"రావేం?" అంది మైకు.

"నువ్వు రావేం? మా జంటలో నేనే అందుకునేదాన్ని."

"మా జంటలోనూ నేనే!"

దుప్పటి మధ్యలో జోలెలా వేలాడుతోంది. పక్క జంటలు చూసి నవ్వుతున్నాయి. "ఇద్దరూ మైకులే, ఇక వినేదెవరు?" అన్నాడు బాయిలర్ బాబాయ్.

స్పీకరులో గరగర చరణం ముగించాడు. ఆగాడు. పొడుగ్గా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు.

మైకు కదిలింది. కొసలు రెండూ సమంగా పట్టుకుని, మడత నేలకి తగలకుండా కాస్త ఎత్తి నడిచింది. ఇన్నేళ్ళలో ఆ బల్ల పొడుగునా ఎప్పుడూ నడవలేదని అడుగు వేశాక తెలిసింది. తొందరపడాల్సిన పని లేకపోయింది. ఎడంచెయ్యి దగ్గరికి చేరి కొసలు వేళ్ళకి అందించేసరికి ఆ ఊపిరి సరిగ్గా అయిపోయింది.

గరగర ఆ మాట అన్నాడు. మైకు ఈసారి ఏ మాటో పట్టించుకోలేదు. ఎడంచెయ్యి గొంతు కోసం చూస్తోంది.

"వదులు," అంది ఎడంచెయ్యి.

మైకు వేళ్ళు వెంటనే విడలేదు. అలవాటు లేదు వాటికి.

"వదులే తల్లీ!"

మైకు వదిలేసి, వంగి, కింద వేలాడుతున్న మడత అందుకుంది.